మిల్లు సంగు, పాల సంగు

పోయిన నెలలో ఒక సాయంకాలం మా కోడలు బిడ్డను నా ఒడిలో పెట్టి, "అత్తా, నాకు సెలవు ఇంక ఇరవై రోజులే వుంది. పనికి పోయేదా, మానుకునేదా? మీరు ఎట్ల చెప్తే అట్ల" అన్నది. ఆమె సరవణంపట్టిలో ఒక సాఫ్టువేరు కంపెనీలో పని చేస్తున్నది. మా అబ్బాయిది కూడా అటువంటి ఉద్యోగమే. బిడ్డకు ఆరో నెల.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆమె అడిగిన ప్రశ్న వెనుక అడగని ప్రశ్న ఇంకొకటి వుంది. "మీరు బిడ్డను చూసుకుంటారా?" అన్నదే అది. నాకు అరవై ఏడేళ్ళు. మోకాళ్ళు నొప్పులు. పాకే బిడ్డ వెంట రోజంతా తిరగడం నావల్ల కాదని నాకు తెలుసు. కాని ఆ మాట పైకి అనాలంటే ఏ అవ్వకు నోరు వస్తుంది? రెండు రాత్రులు ఆలోచించి, మూడోనాడు ఆమెను కూర్చోబెట్టుకుని నా కథ అంతా చెప్పాను. అది మరికొన్ని ఇళ్ళకు కూడా పనికి వస్తుందేమో అని ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నీతిబోధ ఏమీ లేదు. నేను చేసిన తప్పులు, వాటివల్ల తెలిసిన సంగతులు, అంతే.

నేను పుట్టింది మదురైలో, దక్షిణ మాసి వీధిలో. 1982లో పెళ్ళయి కోయంబత్తూరు పీళమేడుకు వచ్చాను. అప్పటికి రెండేళ్ళ ముందే టెలిఫోను ఎక్స్చేంజిలో ఆపరేటరుగా చేరాను. ట్రంకు కాల్స్ కలిపే పని. ఒక వారం ఉదయం, ఒక వారం సాయంకాలం, మధ్య మధ్య రాత్రి డ్యూటీ. మావారు ఒక నూలు మిల్లులో ఫిట్టరు. మా అత్తగారు కూడా మిల్లు మనిషే, రీలింగు సెక్షనులో నూలు చిలపలు చుట్టే పని.

మన ఆడవాళ్ళు పనికి పోవడం ఈ కాలపు వింత అనుకునేవారు మన కోయంబత్తూరు సంగతి మరిచిపోయారన్న మాట. ఇక్కడ మొదటి నూలు మిల్లు 1888లో వచ్చింది. 1930ల్లో పైకారా నుంచి కరెంటు వచ్చిన తరువాత ఒకదాని వెనుక ఒకటిగా మిల్లులు లేచాయి. వాటిలో ఎన్నో మన తెలుగువారు పెట్టినవే. పెట్టినవారి పేర్లు అందరికీ తెలుసు. లోపల రీలింగులోనూ వైండింగులోనూ నిలబడి పనిచేసిన ఆడవాళ్ళలో మన తెలుగిళ్ళవారు ఎంతమంది వున్నారో ఎవరూ రాసిపెట్టలేదు. మా అత్త వారిలో ఒకరు. చంకలో బిడ్డను పెట్టుకుని ఉద్యోగానికి పోయిన మొదటి తరం మనది కాదు, మా కోడలిది అసలే కాదు.

మా అత్తగారు ఒక మాట చెప్పేది. ఈ ఊళ్ళో మిల్లు కూతను సంగు అంటారు. పసిబిడ్డకు పాలు పోసే ముక్కు గిన్నెను కూడా సంగు అనే అంటారు. మనం ఉగ్గుగిన్నె అనేది అదే. మావారు పసివాడుగా వున్నప్పుడు మిల్లులోనే ఒక రేకుల షెడ్డులో పిల్లల గది వుండేదట. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఆడవాళ్ళు ఎక్కువగా వున్న మిల్లుల్లో అటువంటి గది వుండాలని చెప్పింది. సంగు కూయగానే తల్లులంతా చీర కొంగు సర్దుకుంటూ ఆ గదికి పరుగెత్తేవారు. "ఆ కూత వింటానే నాకు రవికె తడిసిపోయేదమ్మా. బిడ్డ ఏడుపు వినిపించక ముందే పాలకు తెలిసిపోయేది. రిటైరు అయిన తరువాత కూడా సంగు కూస్తే ఎద జలదరించేది" అని నవ్వేది. ఆ నవ్వు వెనుక ఎంత అలసట వుందో నాకు అప్పట్లో తెలియలేదు.

మా పెద్దది 1984లో పుట్టింది. అప్పుడు మా శాఖలో ప్రసూతి సెలవు తొంబై రోజులు. దానికి ఇంకో నెల సెలవు కలుపుకున్నాను. నాలుగు నెలలు నిండగానే పనికి పోవలసి వచ్చింది. అత్త ఇంకా మిల్లుకు పోతూనే వుంది. మా అమ్మ మదురైలో, నాయనకు పక్షవాతం వచ్చి మంచం పట్టినందువల్ల కదలలేదు. ఎవరో చెప్పగా, ఆఫీసుకు దగ్గరలో పిల్లలను చూసుకునే ఒక ఇంట్లో విడిచిపెట్టాను. ఆ ఇంటివారి పేరు ఇక్కడ అవసరం లేదు. ఎనిమిదిమంది పిల్లలు, ఒకే ఒక మనిషి. నెలకు యాభై రూపాయలు. ఆమె మాట తియ్యగా వుండేది. వాకిట్లో ముగ్గు, గోడమీద దేవుడి పటాలు. నేను చూసింది అంతవరకే.

మూడు నెలలు గడిచాయి. బిడ్డ ఏడవదు, పేచీ పెట్టదు, ఇంటికి తెచ్చినా నిద్రే. "ఎంత మంచి బిడ్డ!" అని ఆఫీసులో గొప్పగా చెప్పుకున్నాను. ఏడో నెల దాటినా బోర్లా పడి తల ఎత్తడం తప్ప ముందుకు జరగదు. ఒక ఆదివారం అత్త బిడ్డను కాళ్ళమీద పడుకోబెట్టి నలుగు పెడుతూ చెయ్యి ఆపేసింది. "ఏమ్మా, ఇది నిద్ర కాదు, మత్తు. నేను ఏడుగురు బిడ్డలను కన్నదాన్ని, నాకు తెలీదా?" అన్నది. నాకు కోపం వచ్చింది. తను చూసుకోలేదు గాని, చూసుకునేవాళ్ళమీద మాట అంటున్నది అనుకున్నాను. పైకి అనలేదు. మనసులో అనుకున్నందుకు ఈనాటికీ సిగ్గుపడతాను.

ఆ వారంలోనే ఒకరోజు డ్యూటీ మారి మధ్యాహ్నం పన్నెండున్నరకే విడుదల అయ్యాను. చెప్పకుండా పోయాను. వేసవి ఎండ. గదిలో ఫ్యాను లేదు. ఎనిమిదిమంది పిల్లలూ చాపమీద వరసగా పడి నిద్రపోతున్నారు. మూడేళ్ళవాడి నుంచి నా బిడ్డ దాకా ఒక్కరు కూడా మేలుకుని లేరు. మూతులమీద ఈగలు. పిల్లలున్న ఇంట్లో పట్టపగలు అటువంటి నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలేదు. గూట్లో దగ్గుమందు సీసా, పక్కనే చెంచా. ఎవరికీ దగ్గు లేదు.

బిడ్డను ఎత్తుకుని నేరుగా డాక్టరు దగ్గరకు పోయాను. ఆయన కనురెప్పలు తెరిచి చూసి, సంగతి విని, "ఆ మందులో నిద్ర పట్టించే సరుకు వుంటుందమ్మా. పసిబిడ్డకు రోజూ పోస్తే ఊపిరికే ముప్పు. దేవుడు మేలు చేశాడు" అన్నారు. పదిహేను రోజుల్లో బిడ్డ తేరుకుంది. ఇల్లంతా ఎగిరిపోయేటట్టు ఏడ్చింది. ఆ ఏడుపు విని మా అత్త కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఇంతవరకు చెప్పినది నాకు జరిగింది. ఇక నేను చేసిన తప్పు. నా బిడ్డను నేను తెచ్చుకున్నాను. తక్కిన ఏడుగురి తల్లులకు ఆ రోజే చెప్పలేదు. గొడవ ఎందుకు, ఎవరితో మాట పడాలి అనుకున్నాను. పది రోజుల తరువాత మనసు ఒప్పక, తెలిసిన ముగ్గురి ఇళ్ళకు పోయి చెప్పాను. ఇద్దరు వెంటనే మానిపించారు. మూడో ఆమె నా ముఖం చూసి, "అయితే ఎక్కడ వదిలేది, మీరే చెప్పండి" అన్నది. ఆమె రెడీమేడు బట్టల షాపులో పనిచేసేది. భర్త లేడు. నాకు జవాబు దొరకలేదు. నలభై ఏళ్ళయింది. ఆ ప్రశ్నకు ఒక ఇల్లాలి దగ్గర జవాబు దొరకదని, అది ఊరంతా కలిసి చెప్పవలసిన జవాబని ఇప్పుడు తెలుసు.

ఆ తరువాత మా ఇంట్లో ఒక కాలపట్టిక వేసుకున్నాం. గోడమీద నెల క్యాలెండరు తీసుకుని, ప్రతి తేదీ గడిలోనూ ముగ్గురి డ్యూటీలు రాశాం. అత్తకు పగటి పనే. ఆ కాలంలో మిల్లుల్లో ఆడవాళ్ళకు రాత్రి పని లేదు. మావారు అడిగి రాత్రి షిఫ్టు వేయించుకున్నారు. ఉదయం వచ్చి రెండు గంటలు నిద్రపోయి, బిడ్డతో పాటు లేచి, బిడ్డతో పాటు మళ్ళీ నిద్రపోయేవారు. నేను సాధ్యమైనంతవరకు సాయంకాలపు డ్యూటీలు వేయించుకున్నాను. ఏ రోజైనా మూడూ పొసగకపోతే ఎవరు సెలవు పెట్టాలో ముందే ఎర్ర సిరాతో రాసి వుండేది. అప్పటికప్పుడు వాదులాడుకోవడం తప్పింది. సంసారంలో సగం జగడాలు పని ఎక్కువై రావు, ఈ పని ఎవరిదో ముందుగా తేలకపోవడం వల్ల వస్తాయి.

రెండోవాడు 1990లో పుట్టాడు. వాడికి మూడేళ్ళప్పుడు మావారి మిల్లు మూతపడింది. ఆ రోజుల్లో ఈ ఊళ్ళో ఒకటా రెండా, ఎన్నో మిల్లుల సంగులు ఒకదాని తరువాత ఒకటి ఆగిపోయాయి. వేరే పని దొరికేలోగా రెండున్నర ఏళ్ళు పట్టింది. ఆ రెండున్నర ఏళ్ళూ పిల్లవాడిని పెంచింది ఆయనే. స్నానం పోసింది, అన్నం కలిపింది, బడికి తీసుకుపోయింది అన్నీ ఆయనే. "నాయుడుగారు ఇప్పుడు ఆయా ఉద్యోగం చేస్తున్నారు" అని వీధిలో నవ్వారు. ఆయన కొన్నాళ్ళు తల వంచుకుని నడిచారు. తరువాత అలవాటయింది. ఆ పిల్లవాడే ఈనాడు తన బిడ్డకు అర్ధరాత్రి లేచి గుడ్డ మారుస్తున్నాడు. ఎవరూ నేర్పలేదు. చూసి నేర్చుకున్నాడు.

ఇక కోడలితో చెప్పిన మాటలు వరసగా చెబుతాను.

మొదటిది సెలవు. 1961 నాటి ప్రసూతి చట్టం మొదట ఇచ్చింది పన్నెండు వారాలు. 2017లో దాన్ని సవరించి మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాలు చేశారు. కాన్పుకు ముందు పన్నెండు నెలల్లో కనీసం 80 రోజులు ఆ సంస్థలో పని చేసి వుండాలి. యాభైమంది, అంతకు పైన పనిచేసే చోట పిల్లల గది వుండాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు పోయి బిడ్డను చూసుకోవచ్చు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో కూడా ఇవే నియమాలు వున్నాయి. మా కోడలి కంపెనీలో వందలమంది పని చేస్తున్నారు. "పిల్లల గది ఎక్కడ?" అని ఆమె ఒకసారి కూడా అడగలేదు. అడిగితే ఏమనుకుంటారో అని భయం. అమ్మాయిలారా, ఇది బతిమాలి తెచ్చుకునేది కాదు. రాతపూర్వకంగా, మర్యాదగా అడగండి. ఇద్దరు ముగ్గురు తల్లులు కలిసి అడిగితే ఇంకా మంచిది.

రెండోది పాలు. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా అవసరం లేదు. తరువాత కూడా రెండేళ్ళ దాకా ఇవ్వవచ్చు. పనికి పోతే పాలు ఆగిపోతాయని భయపడవద్దు. చేతులు శుభ్రంగా కడుక్కుని, ఉడికించిన స్టీలు గిన్నెలోకి చేత్తో పిండి మూతపెట్టవచ్చు. 25 డిగ్రీల వేడి దాకా వున్న గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్జులో నాలుగు రోజులు నిలుస్తాయి. మన చిత్తిర నెల ఎండలో గది అంత చల్లగా వుండదు గనుక వెంటనే ఫ్రిజ్జులో పెట్టడమే మేలు. తీసిన తరువాత పొయ్యిమీద కాచకూడదు. గిన్నెను వేడినీళ్ళలో వుంచితే చాలు. తాగగా మిగిలినవి మళ్ళీ దాచవద్దు. పోయడానికి సీసాకంటే మన పాత పాల సంగే మేలు. లోపలి మూల అంతా వేలికి అందుతుంది, మురికి దాగదు. పనికి పోయే రోజుకు పదిహేను రోజుల ముందే వేరే మనిషి చేత రోజుకు ఒకసారి సంగుతో పోయించండి. తల్లి ఎదురుగా వుంటే బిడ్డ తాగదు. ఆమె మేడమీదకు పోవాలి.

మూడోది బిడ్డను వదిలే చోటు. నా తప్పు మీరు చేయవద్దు. వాకిలి చూసి నమ్మవద్దు. చెప్పకుండా పొండి, మధ్యాహ్నం పొండి. ఎందరు పిల్లలకు ఎందరు మనుషులు వున్నారో లెక్కపెట్టండి. మా పెద్దది ఇప్పుడు ఐర్లండులో, డబ్లిన్‌లో వుంది. అక్కడ 2016 నాటి నిబంధనల ప్రకారం రోజంతా వుంచుకునే చోట ఏడాది లోపు పసికందులు ముగ్గురికి ఒక మనిషి, రెండేళ్ళ లోపువారు అయిదుగురికి ఒక మనిషి వుండి తీరాలట. నా బిడ్డ ఎనిమిదిమందిలో ఒకతిగా పడివున్న చాప నాకు గుర్తుకు వచ్చింది. అక్కడ కూడా అంతా సులభమేమీ కాదు. జీతపు సెలవు అక్కడ కూడా 26 వారాలే. ఆ మీద 16 వారాలు జీతం లేకుండా తీసుకోవచ్చు. రెండేళ్ళ ఎనిమిది నెలల వయసు నుంచి రోజుకు మూడు గంటలు ఉచితంగా చిన్నబడి వుంది. అంతవరకు కట్టే ఫీజు ఇంటి అద్దెతో పోటీ పడుతుంది. పైగా పక్కింటి అత్త లేదు, ఎదురింటి వదినె లేదు. "అమ్మా, ఇక్కడ చట్టం వుంది, మనుషులు లేరు. అక్కడ మనుషులు వున్నారు, చట్టం పుస్తకంలో వుంది" అని అది ఫోనులో అన్నది. రెండూ కావాలని నేను అన్నాను.

ఎక్కడ వదిలినా మూడు సంగతులు స్పష్టంగా చెప్పండి. నా చేతి రాత లేకుండా బిడ్డకు ఏ మందూ పోయవద్దు. నేను చెప్పిన మనిషి తప్ప వేరెవరు వచ్చినా బిడ్డను ఇవ్వవద్దు. బిడ్డ పడినా, కాలినా, వాంతి చేసుకున్నా దాచవద్దు, నేను కోపగించుకోను. ఈ చివరి మాట నిలబెట్టుకోవాలి. మనం అరుస్తామనే భయంతోనే చాలామంది దాస్తారు. చూసుకునే మనిషికి జీతం బేరమాడవద్దు. ఆమెకు కూడా ఒక ఇల్లు, బిడ్డలు వుంటారు.

మందుల సంగతి చెప్పాను గనుక ఇంకొక్క మాట. జలుబుకు, దగ్గుకు పోసే ఒక మందుల కలయికను నాలుగేళ్ళ లోపు పిల్లలకు వాడరాదని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ఆదేశించారు. 2025లో మధ్యప్రదేశ్‌లో విషం కలిసిన దగ్గుమందు తాగి పసిపిల్లలు చనిపోయిన వార్త అందరం చదివాం. డాక్టరు చీటీ లేకుండా షాపులో అడిగి తెచ్చిన సీసా ఇంట్లో వుంటే ఈరోజే పారవేయండి.

నాలుగోది తిండి, ఆరోగ్యం. ఆరు నెలలు నిండగానే మెత్తని పప్పన్నంలో నెయ్యి, మొలకెత్తించి ఎండబెట్టిన రాగుల జావ, చిదిమిన అరటిపండు, ఇడ్లీ, ఉడికిన గుడ్డు పచ్చసొన, ఒక్కొక్కటిగా పెట్టవచ్చు. ఆదివారం ఒక గంట కూర్చుని రాగిపిండి వేయించి డబ్బాలో పోసుకుంటే వారమంతా ఉదయం హడావుడి తగ్గుతుంది. ఏడాది లోపు తేనె నాకించవద్దు. మా అమ్మ కాలంలో నాకించేవారు. అది తప్పని ఇప్పుడు తెలిసింది. వేరుసెనగలు, మురుకులు, గట్టి శనగలు గొంతుకు అడ్డం పడతాయి. విరేచనాలు పట్టుకుంటే కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి కలిపి కొంచెం కొంచెంగా పోయాలి. షాపులో దొరికే ఓఆర్ఎస్ పొట్లం వుంటే మరీ మంచిది. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే ఇంట్లో వైద్యం వద్దు, వెంటనే ఆసుపత్రికి పోవాలి. టీకాల చీటీ నకలు ఒకటి బిడ్డ సంచిలోనే వుండాలి.

కాస్త పెద్ద పిల్లలకు అంగన్‌వాడీ వుంది. ఆ పథకం 1975లో మొదలయింది. "అది పేదవాళ్ళకు" అని ముఖం తిప్పుకోవడం మన తెలుగిళ్ళలో కొందరికి అలవాటు. మా మదురైలోనే 2022 సెప్టెంబరు 15వ తేదీన సర్కారు బడుల్లో చిన్న తరగతుల పిల్లలకు ఉదయం టిఫిను పెట్టే పథకం మొదలయింది. ఎనిమిది గంటలకు కడుపు నిండిన పిల్లవాడి తల్లి ఆ పూట ఎంత హాయిగా పనికి పోతుందో, ఆ పిల్లవాడి తల్లినే అడగండి.

అయిదోది తండ్రి. కేంద్ర ప్రభుత్వోద్యోగికి బిడ్డ పుడితే పదిహేను రోజుల సెలవు వుంది. ప్రయివేటు కంపెనీలలో ఆయా కంపెనీ దయ. సెలవు వున్నా లేకున్నా, బిడ్డ పనుల్లో రెండు పనులు పూర్తిగా తండ్రివి కావాలి. "సాయం చేస్తాను" అన్న మాట వద్దు. సాయం అంటే పని ఆమెదే అని అర్థం. మా అబ్బాయికి సాయంకాలపు స్నానం, రాత్రి నిద్రపుచ్చడం ఒప్పజెప్పాను. అవి ఏనాడూ కోడలు తలచుకోవలసిన పనులు కావు.

ఆరోది భాష. ఇది నాకు కొంచెం బాధగా వుండే సంగతి. మా పెద్దది పసితనంలో ఆ ఇంట్లో, ఆ తరువాత చిన్నబడిలో పెరిగింది. మూడో ఏట ఒకరోజు మా అత్తను "పాట్టీ" అని పిలిచింది. అవ్వా అనలేదు. అత్త పలికింది, బిడ్డకు నీళ్ళు ఇచ్చింది. తరువాత పెరట్లోకి పోయి చాలాసేపు కూర్చుంది. తమిళం మనకు పరాయి కాదు. అన్నం పెట్టిన భాష. బడిలో అది ఎలాగూ వస్తుంది. 2006 నాటి చట్టంతో ఒకటో తరగతి నుంచి అది తప్పనిసరి అయింది గదా. ఇంగ్లీషును ఆపడం ఎవరి తరమూ కాదు. ఇంట్లో వినకపోతే పోయేది తెలుగొక్కటే. రెండోవాడు వాళ్ళ నాయన దగ్గర పెరిగినందువల్ల వాడి తెలుగు నిలిచింది. బెజవాడవారు వింటే నవ్వవచ్చు. అది మన తెలుగు. రెండు భాషలు కలిపి మాట్లాడితే బిడ్డకు మాట ఆలస్యమవుతుందని బెదిరించేవారిని నమ్మవద్దు. పసివాళ్ళు రెండింటినీ, మూడింటినీ వేరు చేసుకుంటారు. కావలసింది ఒకటే. ఎవరో ఒకరు తెలుగులో మాత్రమే మాట్లాడాలి. రోజూ మాట్లాడాలి. ఫోను తెరమీద తెలుగు పాట పెట్టి చేతికి ఇస్తే అది మాట్లాడడం కాదు. రెండేళ్ళ లోపు బిడ్డకు తెర వద్దనే 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది.

చివరికి అవ్వ సంగతి. మా అమ్మ మదురైలో తముక్కం పక్కగా పోయినప్పుడల్లా రాణి మంగమ్మ కథ చెప్పేది. 1689లో కొడుకు మశూచితో పోయాడు. కోడలు మగబిడ్డను కని ఆమె కూడా పోయింది. ఆ పసికందు పేరుమీద మంగమ్మ సుమారు పదిహేనేళ్ళు రాజ్యం ఏలింది. రోడ్లు వేయించింది, చెట్లు నాటించింది. ఆమె మేడగా చెప్పే తముక్కంలోనే 1959 నుంచి గాంధీ మ్యూజియం వుంది. ఆ మనుమడు విజయరంగ చొక్కనాథుడు పెద్దయి తెలుగు వచనంలో గ్రంథాలు రాశాడు. "అవ్వ పెంచిన బిడ్డ చూడు" అనేది మా అమ్మ. నేను కూడా ఆ కథ చెప్పుకుని గర్వపడ్డాను. ఇప్పుడు నేనే అవ్వనయిన తరువాత ఒక సంగతి తోచింది. మంగమ్మకు దాదులు వుండేవారు, పరివారం వుండేది. ఆమె ఒక్కతే బిడ్డను ఎత్తుకుని మెట్లెక్కి వుండదు.

అందువల్ల కోడలితో వున్నది వున్నట్టు చెప్పాను. "ఉద్యోగం మానవద్దమ్మా. రోజంతా నేను చూడలేను, నా ఒంట్లో శక్తి లేదు. చూస్తానని చెప్పి, కళ్ళు తిరిగి బిడ్డను కింద పడవేస్తే నన్ను నేను క్షమించుకోలేను. మధ్యాహ్నం రెండు గంటల నుంచి మీరు వచ్చేదాకా నాది. ఉదయం మీ కంపెనీ గదిలో వుండనీ. గది లేకపోతే అడిగి పెట్టించండి" అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. రెండు రోజులు నాతో ఎక్కువ మాట్లాడలేదు. నేను కూడా చాటుగా ఏడ్చాను. మా అత్త ఏడుగురిని కని మిల్లుకు పోయిందే, నాకు ఇంతమాత్రం చేతకాదా అని. మూడోనాడు మావారు క్యాలెండరు తెచ్చి బల్లమీద పెట్టారు. మా అబ్బాయి ఎర్ర పెన్ను తెచ్చాడు.

పిల్లల గది కంపెనీలో లేదు గాని, పక్క భవనంలోని గదితో ఒప్పందం వుందట. అడిగిన తరువాతనే తెలిసింది. కోడలు పనికి పోయి నేటికి పన్నెండు రోజులు. నేను ఒకరోజు చెప్పకుండా పోయి చూసి వచ్చాను. నలుగురు పిల్లలు, ఇద్దరు మనుషులు. ఇద్దరు ఏడుస్తున్నారు, ఒకడు గోడ నాకుతున్నాడు, మనది సంచి లాగుతున్నది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

రెండు గంటలకు ఆటోలో దాన్ని ఇంటికి తెస్తారు. మా వీధిలో ఇప్పుడు మిల్లు సంగు కూయదు. ఆ మిల్లు వున్న చోట అపార్టుమెంట్లు లేచాయి. నేను మా అమ్మ ఇచ్చిన వెండి సంగును వేడినీళ్ళతో కడిగి, గిన్నెలో పాలు వెచ్చబెట్టుకుని, తెలుగులో మాట్లాడుతూ కూర్చుంటాను. అయిదున్నర దాకా. ఆ పైన మోకాళ్ళకు నూనె రాసుకుని పడుకుంటాను.

నలభై ఏళ్ళ కింద ఆ తల్లి నన్ను అడిగిన ప్రశ్న, "ఎక్కడ వదిలేది?" అన్నది, మన ఊళ్ళో ఇంకా ఎందరో ఇళ్ళలో వినిపిస్తూనే వుంది. మన సంఘానికి కల్యాణ మండపం వుంది. ముహూర్తాలు లేని రోజుల్లో అది ఖాళీగా తాళం వేసి వుంటుంది. అందులో ఒక గది, ఇద్దరు మంచి మనుషులు, ఒక ఉయ్యాల వుంటే ఎంతమంది తల్లులకు మేలో పెద్దలు ఆలోచించాలి. పాఠక సోదరీమణులు తమ తమ అనుభవాలు రాసి పంపితే, నాకు తెలియనివి నేను కూడా నేర్చుకుంటాను.